ఏది లేదో చెప్పు పాపా

ఎండకు వేడెక్కిన రెక్సిన్ సీటు వాసన, దానిలో కలిసిన మామిడి సొన వాసన. పోయిన వేసవిలో మా స్కూలు టీచర్లమంతా కృష్ణగిరిలో ఒక పెళ్ళి చూసుకుని వ్యానులో హోసూరుకు తిరిగి వస్తుంటే ఆ రెండూ కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. ఎవరో దారిలో రెండు బుట్టల బెంగళూరా మామిడికాయలు కొని సీటు కింద పెట్టించారు. వెనక సీట్లలో పిల్లలు సెల్ ఫోన్లలో తలలు దూర్చి చడీ చప్పుడు లేకుండా ఉన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. వ్యాను లేదు, నలభై ఏళ్ళు దాటిన నేనూ లేను. కాళ్ళు కిందికి అందని ఒక పిల్ల తెల్ల అంబాసిడర్ కారు వెనక సీటులో కూర్చుని ఉంది. ముందు అద్దంలో రెండు కళ్ళు దానివైపే చూస్తున్నాయి. అవి మునెప్ప మామ కళ్ళు.

మునెప్ప మామ మాకు చుట్టం కాదు. హోసూరులో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. సొంత కారు పెట్టుకుని బాడుగకు తోలేవాడు. బక్కపలచటి మనిషి, చెవులు మాత్రం పెద్దవి. ఎండ పడితే ఆ చెవులు ఎర్రగా కనిపించేవి. వాళ్ళది వేప్పనపల్లి వైపు, గొర్రెలు మేపే కుటుంబం. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా తానూ మందల వెంట తిరిగి, తరువాత లారీ ఎక్కి, చివరికి కారు కొనుక్కున్నాడు. మా అమ్మ పుట్టిల్లు కూడా అటువైపే కాబట్టి, అవ్వ ఊరికి పోవాలంటే మా నాన్న ఆయన్నే పిలిచేవాడు. వేసవి సెలవులంటే మా లెక్కలో మునెప్ప మామ కారు హారనే.

ఆ కారులో మేము ఐదుగురు పిల్లలం. నేను, నా తమ్ముడు వేణు, బాబాయి పిల్లలు ముగ్గురు. హోసూరు పొలిమేర దాటకముందే మా రామాయణం మొదలయ్యేది. కిటికీ సీటు ఎవరిది, మోచెయ్యి ఎవరు తగిలించారు, ఎవరి కాలు ఎవరి మీద ఉంది. వేణు నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, గొంతు మాత్రం నాకంటే నాలుగింతలు పెద్దది. వాడు ఏడుపు ఎత్తుకుంటే మా అమ్మ ముందు వెనక చూడకుండా నా వీపు మీద ఒకటి వేసేది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ప్రతిసారీ నా మీదే పడేది. ఆ వయసులో నాకు వేణు అంటే ప్రేమ ఉండేదని ఇప్పుడు చెప్పగలను గానీ, ఆ కారులో మాత్రం ఉండేది కాదు.

ఒకసారి ఈ గోల పడలేక నాన్న ఒక ఆట పెట్టాడు. ఎదురుగా వచ్చే లారీలను లెక్కపెట్టాలి, ఎవరు ఎక్కువ చెబితే వాళ్ళు గెలిచినట్టు. ఐదు నిమిషాల్లో ఆట కాస్తా కొట్లాట అయింది. వేణు ఒక్కో లారీని రెండుసార్లు లెక్కపెడుతున్నాడని నేను, నేను కళ్ళు మూసుకుని అంకెలు చెబుతున్నానని వాడు. అప్పటిదాకా మాట్లాడని మునెప్ప మామ నోరు విప్పాడు.

"ఎంచే ఆట వద్దులేప్పా. ఎంచేటప్పుడు కండ్లు పని చేయవు, నోరే పని చేస్తాది."

"అట్లయితే నువ్వే చెప్పు ఒక ఆట," అన్నాడు నాన్న నవ్వుతూ.

మామ వెంటనే ఆట చెప్పలేదు. గొర్రెల సంగతి చెప్పాడు. వాళ్ళ ఇళ్ళల్లో మందను ఒకటీ రెండూ అని ఎవరూ ఎంచరట. జీవాలను ఎంచితే దిష్టి తగులుతుందని పెద్దలు తిట్టేవాళ్ళట. "మరి ఒకటి తప్పిపోతే ఎట్ల తెలుస్తుంది మామా?" అని అడిగాను.

"దొడ్డి వాకిట్లో నిలబడి చూస్తా ఉంటే తెలుస్తాది పాపా. చెవి తెగింది వచ్చినాదా, కుంటిది వచ్చినాదా, ఎప్పుడూ తల్లి ఎనకాల నక్కేది వచ్చినాదా. అన్నీ వచ్చినాక, రానిదాని మొగం దానంతటదే కండ్ల ముందరికి వస్తాది."

ఆ మాటతో మా ఆట పుట్టింది. మొదట్లో చాలా చిన్న ఆట. మేమంతా కళ్ళు మూసుకోవాలి. మామ ముందు అద్దం కింద ఉన్న వస్తువుల్లో ఒకటి తీసి దాచేవాడు. అగ్గిపెట్టె, తుండుగుడ్డ, దేవుడి పటానికి చుట్టిన పూలు, ఏదో ఒకటి. "ఏది లేదో చెప్పు" అనేవాడు. చెప్పినవాళ్ళకు బహుమతి ఏమీ ఉండదు, అద్దంలోనుంచి ఒక చూపు, అంతే. ఆ చూపు కోసం మేము ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. మా అమ్మకు నమ్మశక్యం కాలేదు. "ఏం మందు పెట్టినావప్పా వీళ్ళకు," అని అడిగింది.

పోను పోను ఆట కారు దాటి రోడ్డు మీదికి పోయింది. పోయినసారి ఈ మలుపులో ఏమున్నాయి, ఇప్పుడు ఏది లేదు. సూళగిరి కొండ ఎప్పుడూ ఉండేది, దానితో పని లేదు. ఒకసారి పంక్చర్ అంగడి ముందర వేలాడే టైరు ఉండేది కాదు. ఇంకోసారి బావి గట్టున బట్టలారేసే ఆవిడ ఉండేది కాదు. రోడ్డు వెడల్పు చేసే పనులు మొదలయ్యాక ఆట మరీ కష్టమైంది, ఎందుకంటే లేనివి ఎక్కువయ్యాయి. ఒక వేసవిలో వరుసగా చింతచెట్లు పోయాయి. నేను కిటికీకి తల ఆనించి, చెట్టు పోయిన చోట మిగిలిన వెలుతురును చూస్తూ ఉండేదాన్ని. కారు ఊపుకు కళ్ళు మూతపడేవి. సగం నిద్రలో ఆ చెట్లన్నీ మళ్ళీ నిలబడి మా కారు మీద నీడ వేసి, ఒక్కొక్కటే వెనక్కి పోయేవి. నా చిన్నతనంలో నాకు దొరికిన సుఖమంతా ఆ నీడల్లోనే ఉందనిపిస్తుంది.

"ఉండేదాన్ని అందరూ చూస్తారు పాపా," అన్నాడు మామ ఒకసారి. "లేనిదాన్ని చూసేదానికి, అది ఉన్నప్పుడు బాగా చూసుండాల." మిగతా పిల్లలకు ఆ ఆట మీద మోజు తగ్గింది. నాకు తగ్గలేదు. నాలుగో తరగతికి వచ్చేసరికి నన్ను గెలిచేవాళ్ళు లేరు. ఆ సంగతి నాకూ బాగా తెలుసు, పొగరు కూడా ఉండేది.

ఇక ఇప్పటిదాకా ఎక్కడా రాయని సంగతి. ఆ ఏడాది వేసవి సెలవులు అయిపోయాయి. ఊళ్ళో ఏదో శుభకార్యం పనులుండి అమ్మా, నాన్నా, పిన్నీ మరో రెండు రోజులు ఉండిపోయారు. బడి తెరుస్తారని పిల్లల్ని బాబాయి ఒక్కడే మునెప్ప మామ కారులో తీసుకుని బయలుదేరాడు. మా అత్త కూతురు కాంతను హోసూరు బడిలో చేర్చాలని ఆ పిల్లను కూడా మాతోనే పంపారు. కృష్ణగిరి దాటి కొంత దూరం వచ్చాక టీ అంగడి దగ్గర కారు ఆగింది. అప్పటిదాకా కిటికీ సీటు వేణుది. కావాలనే నా మోకాలి మీద కాలు వేసి మరీ కూర్చున్నాడు. నాకు కడుపు రగిలిపోతూ ఉంది.

అంగడి వెనక కుక్కపిల్లలు ఉన్నాయని వేణు అటు పరుగెత్తడం చూశాను. ఇదే సమయమని వచ్చి కిటికీ సీటు ఎక్కేశాను. మామ బానెట్ ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. బాబాయికి ఎండకు తలనొప్పి. కారు తలుపు దగ్గర నిలబడి, వేలు చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టాడు. ముందు సీటులో ఇద్దరు, వెనక ముగ్గురు. "ఐదు. అందరూ ఉండారు, పోనీ మునెప్పా," అన్నాడు. ఊరికి పోయేటప్పుడు ఐదుగురమే. తిరిగి వచ్చేటప్పుడు కాంతతో కలిపి ఆరుగురమని ఆయనకు తోచలేదు. లెక్క సరిపోయింది, మా తమ్ముడు లేడు.

నాకు తెలుసు. కారు కదిలేటప్పుడే తెలుసు. వేణు ముందు సీటులో బాబాయి పక్కన ఉన్నాడేమో అని నాకు నేను చెప్పుకున్నాను. మెడ కాస్త చాస్తే తెలిసిపోయేది. చాచలేదు. కాంత నిద్రపోయింది, పక్కన ఉన్న బాబాయి కొడుకు మామిడి బుట్ట మీద తల వాల్చాడు. కిటికీలోనుంచి గాలి వస్తూ ఉంది. నా మోకాలి మీద ఎవరి కాలూ లేదు. అంత హాయిగా నేను ఆ దారిలో ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు, కానీ నిజం అదే. కాసేపయ్యాక ఆ హాయి మాయమైంది. ఇప్పుడు చెబితే, ఇంతసేపు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ భయంతో ఇంకొంత దూరం పోనిచ్చాను. ఒక్కో మైలురాయి దాటేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతూ వచ్చింది.

సూళగిరి కొండ కనబడుతూ ఉంది. మామ అద్దంలోకి చూశాడు. ఒకసారి చూసి, మళ్ళీ చూశాడు. కారు నెమ్మదించింది.

"పాపా, ఆట ఆడదామా," అన్నాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది. "కండ్లు మూసుకునే పని లేదు. ఏది లేదో చెప్పు."

నేను అద్దంలో ఆ కళ్ళను చూశాను. "వేణు లేడు," అన్నాను.

బాబాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఐదుమందిని ఎంచినానే," అన్నాడు. మళ్ళీ ఎంచాడు. మళ్ళీ ఐదే వచ్చింది. అప్పుడు కాంత మీద చూపు పడి ఆయన ముఖం పాలిపోయింది. ఆలోపే మామ కారు తిప్పేశాడు.

తిరుగుదారి పట్టాం. ఎదురుగా ఒకదాని వెనక ఒకటి లారీలు. ప్రతి లారీ నా తమ్ముడి మీదుగానే వస్తున్నట్టు అనిపించింది. వాడు ఆ రోడ్డు దాటబోతున్నట్టు, మా కారు వెంట పరుగెత్తుతున్నట్టు కనిపించేవాడు. కిటికీ సీటు వాడికే ఇస్తానని, జన్మలో ఎప్పుడూ అడగనని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. బాబాయి కిటికీలోనుంచి తల బయటపెట్టి రోడ్డుకు రెండు పక్కలా వెతుకుతున్నాడు. మామ మాత్రం అంగడి చేరేదాకా రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

వేణు టీ అంగడి ముందర నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. అంగడి ఆవిడ వాడి చేతిలో బన్ను పెట్టి, వాడి చొక్కా కొస తన గుప్పిట్లో పట్టుకుని టీ పోస్తూ ఉంది. చెంపల మీద కన్నీటి చారలు ఆరిపోయాయి. "నేను ఏడ్వలేదు," అన్నాడు మమ్మల్ని చూడగానే. ఆవిడ నవ్వి, "మా అక్క వస్తాది, మా అక్క వస్తాది అని ఒకటే చెప్తా ఉన్నాడమ్మా," అంది. నేను వాడిని గట్టిగా పట్టుకుని భోరున ఏడ్చాను. తమ్ముడంటే ఎంత ప్రేమో అని అందరూ అనుకున్నారు.

ఇంటికి వచ్చాక సంగతి ఊరంతా పాకింది. బాబాయి సిగ్గుపడుతూనే, "నేను పోగొట్టినాను, పాప కనుక్కొనింది," అని కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. అమ్మ ఊరినుంచి వచ్చి నాకు దిష్టి తీసింది. నాన్న మునెప్ప మామతో మాట్లాడటానికి పోతే, "ఆయప్ప ఎంచినాడని నేను మొగాలు చూడకుండా బండి తీసినాను. తప్పు నాది," అన్నాడట మామ. నా గురించి ఏమీ అనలేదు. ఆ తరువాత చాలాసార్లు ఆ కారు ఎక్కాను. ఎప్పుడైనా అడుగుతాడేమోనని అద్దంవైపు చూసేదాన్ని. ఆయన అడగలేదు.

పదేళ్ళ పైమాటే అయ్యాక, నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, మామను చూడటానికి వేప్పనపల్లి వైపు పోయాను. కారు అమ్మేసి ఊరు చేరుకున్నాడు. మళ్ళీ నాలుగు గొర్రెలు పెట్టుకున్నాడు. మామిడితోపు అంచున రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి పొర వచ్చింది. గొంతు విని గుర్తుపట్టాడు. ఉద్యోగం గురించి అడిగాడు, ఇంట్లోవాళ్ళ గురించి అడిగాడు. ఆఖరికి నేనే అన్నాను.

"మామా, ఆ పొద్దు నేను కనుక్కోలేదు. కారు కదలకముందే నాకు తెలుసు."

ఆయన గొర్రెలవైపే చూస్తూ ఉన్నాడు. "తెలుసమ్మా," అన్నాడు. "అద్దంలో కిటికీ దగ్గర నీ మొగం చూసినాను. వాడు లేడని అప్పుడే తట్టింది. నీకు తెలుసని గూడ అప్పుడే తట్టింది."

"మరి నువ్వే చెప్పి బండి తిప్పుండొచ్చు కదా?"

"తిప్పుండొచ్చు. వాడు దొరికేవాడు. నువ్వు తప్పిపోయుంటావు." గొర్రెలను ఒకసారి అదిలించి, "అన్నం తిని పోదువు రా," అని కర్ర ఊతగా పట్టుకుని లేచాడు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. తరగతిలో ఏ పిల్లో తప్పు చేసి, చెప్పలేక బెంచీకి అతుక్కుపోయి కూర్చుంటే, ఆ ముఖం నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఎవరు చేశారని అడగను. ఆ పిల్ల తన నోటితో తానే చెప్పి తలెత్తుకునేలా ఏదో ఒక దారి వెతుకుతాను. ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. మామకైతే నడుస్తున్న కారులో, ఒక్క క్షణంలో దొరికింది.

వేణుకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఇంట్లో నలుగురు చేరితే చాలు, టీ అంగడి కథ మొదలుపెడతాడు. మా అక్క లేకపోతే నేను ఎక్కడ పెరిగేవాడినో అని నవ్వుతాడు. వాడి పిల్లలు నావైపు కళ్ళింత చేసుకుని చూస్తారు. నేను ప్రతిసారీ కాఫీ పెట్టే నెపంతో లేచిపోతాను. వాడికి నా మీద ఉన్న ఆ నమ్మకం నేను సంపాదించుకున్నది కాదు, మునెప్ప మామ నా పేర రాసి ఇచ్చినది. దానికి తగ్గట్టు బతకాలనే వాడి జ్వరాలకు, చదువులకు, పెళ్ళికి, అన్నిటికీ పిలవకముందే పోయి నిలబడ్డాను. అలా నిలబడీ నిలబడీ నిజంగానే వాడికి అక్కనయ్యాను. వేణూ, ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నాను. నువ్వు ఆ మంచం మీద నాకోసం ఎదురుచూస్తున్నంతసేపూ, నువ్వు కారులో లేవని నాకు తెలుసు.