రెండు తెలుపులు, ఒకే తొట్టి

అది 2022. కోరుట్లలో నాకు కరెంటు సామాను దుకాణం ఉంది. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో లైట్లు కూడా బిగిస్తాను. ఆ వారమే సరోజన షెడ్డులో, నూలు చూసుకునే పొడవాటి బల్ల పైన కొత్త ఎల్ఈడీ ట్యూబులు రెండు వేసి వచ్చాను.

మూడో రోజు ఫోన్ చేసి రమ్మంది. వెళ్లేసరికి ఆమె, నూలును తెల్లగా చేసి ఇచ్చే ఖాజా బల్లకు చెరో వైపు నిలబడి ఉన్నారు, మధ్యన నూలు చుట్టిన కోన్లు.

"గిటు చూడు ఖాజా భాయ్. గీ సగం కోన్లు పాల లెక్క ఉన్నయి, గా సగం పసుపు కొడుతున్నయి. రెండు తొట్లల్ల ముంచినవా?"

"అల్లా కసం అక్కా, ఒక్కటే తొట్టి."

అది బడిపిల్లల అంగీల బట్ట. రెండు తెలుపులు కలిపి నేస్తే బట్ట తాను మొత్తం వాపసు వస్తుంది. ఇక ఖాజాకు నూలు ఇచ్చేది లేదని ఆమె తేల్చేసింది. పన్నెండేళ్లుగా అతనికి పెద్ద పని ఆ షెడ్డుదే.

నేను గడప దాటగానే, ఒక్క చూపులో, దోషం లైట్లదని పట్టేశాను. నా కంట్లోనే మీటరు ఉందని సిరిసిల్లలో పేరు.

అబద్ధం. నూలును వేళ్ల మధ్య నలిపి, గొప్పగా తలాడించి, "తప్పు ఖాజాదే" అన్నాను.

ఖాజా అటొకటి, ఇటొకటి కోన్లు తీసుకుని వాకిట్లోకి నడిచాడు. ఎండలో రెండూ ఒకటే తెలుపు. సరోజన వాటిని లోపలికి తెచ్చి తావులు మార్చి పెట్టింది. పాలలాంటిది పసుపు కొట్టింది, పసుపుది పాలయింది. ముగ్గురం ఒకేసారి తలెత్తి పైకి చూశాం.

"కాకా, గీ లైట్లు బిగించిందెవరు?" అంది సరోజన.

"నేనే బిడ్డా."

తెల్ల ఎల్ఈడీ అంటే నీలం దీపం మీద పసుపు వెలుగిచ్చే పూత. పూత కాస్త అటూఇటూ అయితే తెలుపు మారుతుంది. అందుకే కంపెనీవాళ్లు రంగు చూసి వాటిని గుంపులు చేస్తారు. ఆ గుంపును బిన్ అంటారు. నా ట్యూబులు రెండూ వేర్వేరు డబ్బాలవి, వేర్వేరు బిన్లవి. రెండు డబ్బాల మీదా 6500కె, అంటే చల్లని తెలుపు, అనే ఉంది. అంకె చదివాను, పక్కపక్కన వెలిగించి చూడలేదు.

కోరుట్ల వెళ్లి, దుకాణం గోడకు తెల్ల పంచె కట్టి, ట్యూబులన్నీ వెలిగించి, జోడీ కుదిరినవి తెచ్చాను. స్టూలు పట్టుకున్నది ఖాజాయే.

"గట్టిగ పట్టుకో భాయ్."

"పట్టుకుంట కాకా. గా మాట వాపసు తీసుకుంటవా, స్టూలు ఇడువాల్నా?"

"తీసుకున్న, తీసుకున్న!" పైనుంచే అరిచాను. సరోజన నవ్వి, కోన్లన్నీ ఒకే గంపలో వేసింది.

ఆ పంచె ఇప్పటికీ గోడ మీదే ఉంది. దాని ముందు వెలిగించి చూడకుండా ఏ ట్యూబూ దుకాణం దాటదు. ఎదుటివాడి పనికి వంక పెట్టే ముందు నేను బిగించిన దీపం కిందే నిలబడి ఉన్నానేమో చూసుకుంటాను. జగిత్యాలలో మాత్రం ఒక్క చూపులో పట్టానన్న కథే చెబుతాను. అక్కడ ఖాజాకు చుట్టాలున్నారట, అదొక్కటే భయం.