మా మామ ట్రాక్టర్ తుపాకీ అయిన రోజు

ఒక మనిషి ఒకే పూటలో మామ ముందు పరువు, అత్త ముందు మొహం, ఫారెస్టు సారు ముందు నోరు పోగొట్టుకోగలడా అని మీకు అనుమానం ఉంటే నన్ను అడగండి. భోజనాల వేళలోపే ఆ మూడూ పూర్తి చేసినవాణ్ణి. చేతిలో ఒక స్పానర్, నోట్లో బోలెడు గొప్పలు ఉంటే చాలు, మిగతాది అదే జరిగిపోతుంది.

చండ్రుగొండ నుంచి ములకలపల్లి వైపు వెళ్తుంటే, అడవి మొదలయ్యే చోట మా మేనమామ చేను, అందులోనే ఇల్లు. ఆయన దగ్గర కిరసనాయిలుతో నడిచే పాత ట్రాక్టర్ ఉండేది. పెట్రోలు మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. బ్యాటరీ లేదు, తాళంచెవి లేదు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే, మాగ్నెటో అనే చిన్న డబ్బా నిప్పురవ్వ పుట్టించేది. చిన్నప్పుడు దాని మడ్‌గార్డు మీద కూర్చుని నేను చూసినంత లోకాన్ని తర్వాత ఏ బస్సు కిటికీలోంచీ చూడలేదు. తడి మట్టి వాసన, కిరసనాయిలు పొగ, చాలు వెంట దిగే తెల్లకొంగలు. ఇప్పటికీ ఎక్కడైనా కిరసనాయిలు వాసన వస్తే కాసేపు ఆగిపోతాను.

అలాంటి ట్రాక్టర్ మాగ్నెటో పాడై షెడ్డులో పడింది. "గా తుప్పు డబ్బా పోతే నా బర్రెకైనా నీడ దొరుకుతది" అని అత్త రోజూ సతాయించేది. చివరికి మామ సరేనన్నాడు. పాత ఇనుము కొనే లారీ ఫలానా రోజు మధ్యాహ్నం వస్తుందని మా ఇంటికి కబురొచ్చింది. అప్పుడే ఐటిఐలో మోటార్ మెకానిక్ పాసై, నేల మీద నడవడం మానేసి ఉన్నాను. ఆ రోజు పొద్దున్నే మామ దగ్గరికి పరుగెత్తాను.

"మామా, లారీ వచ్చేలోపు నేను స్టార్ట్ చేస్త. చేస్తే అమ్మొద్దు."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోవుడేంది మామా? మెకానిక్‌ను నేను!"

మామకు కంటి ఆపరేషనైంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నులక మంచం మీద కూర్చున్నాడు. వంగొద్దని డాక్టరు చెప్పాడట. "కండ్లు లేకున్నా చెవులున్నయిరా. ఇంజన్ మోత వినపడితే ఉంటది, లేకుంటే లారీ ఎక్కుతది" అన్నాడు. మాట గట్టిగానే ఉంది, గొంతు మాత్రం అంత గట్టిగా లేదు.

మాగ్నెటో విప్పాను, తుడిచాను, లోపలి పాయింట్లను గరుకు కాగితంతో రుద్దాను. వైరు పట్టుకుని తిప్పితే మోచేతి దాకా షాక్ కొట్టింది. "వచ్చింది మామా, రవ్వ వచ్చింది!" అని గెంతాను.

ఇక అసలు పని టైమింగ్. పిస్టన్ పైకి వచ్చిన వేళకు రవ్వ పడేలా మాగ్నెటోను బిగించాలి. మొదటి సిలిండర్ ప్లగ్గు విప్పి, అత్త చీపురులోంచి ఓ పుల్ల లాగి, ఆ కన్నంలో పెట్టి హ్యాండిల్ తిప్పాను. అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అల్లుడా, గా కన్నం కాడ మీ మామ నన్ను..." అనబోయింది.

"అత్తా, నువ్వు పులుసు సంగతి చూడు. ఇది మెషినరీ."

అత్త నన్నో చూపు చూసి లోపలికి వెళ్లింది. పుల్ల లేచింది, నిలబడింది. అదే టైమింగ్ అని బిగించేశాను.

చదువుతున్న మహానుభావులారా, సరిగ్గా ఇక్కడే నా ఐటిఐ అటకెక్కింది. పిస్టన్ పైకి వచ్చేది రెండుసార్లు. ఒకసారి లోపలి గాలిని నొక్కుతూ వస్తుంది, ఇంకోసారి పొగను బయటికి నెడుతూ వస్తుంది. రవ్వ పడాల్సింది గాలి నొక్కినప్పుడు. ఆ తేడా చీపురుపుల్లకు తెలియదు. నాకు తెలియాలి, తెలియలేదు.

పెట్రోలు పోసి హ్యాండిల్ తిప్పాను.

ఢాం!

మొక్కజొన్న చేలోని చిలకలన్నీ ఒక్కసారిగా లేచాయి. సైలెన్సర్‌లోంచి వచ్చిన మసి సున్నం గోడ మీద నల్ల చందమామలా అచ్చుపడింది. బర్రె తాడు తెంపుకుని అడవిలోకి లగెత్తింది.

"అల్లుడా, ఇంజన్ లేచిందా, ఇల్లు లేచిందా?" అన్నాడు మామ.

"ఇంకొంచెం మామా!"

ఢాం! మళ్లీ ఢాం!

మామ ఇక వెక్కిరించలేదు. "ఇడిసిపెట్టురా. దానికీ నాకూ సత్తువ ఉడిగింది" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టినా బాగుండేది.

అప్పుడు వంటింట్లోంచి అత్త వచ్చింది. కొంగు బిగించి, "ప్లగ్గు ఇప్పు" అంది. విప్పాను. ఆ కన్నం మీద బొటనవేలు అదిమిపెట్టి, "తిప్పు" అంది. ఓ చుట్టు తిప్పితే ఏమీ లేదు. ఇంకో చుట్టుకు, "ఆఁ, తంతాంది! వేలును తంతాంది! గిదే, మెల్లగ, ఆగు!" అని కేకేసింది.

నేను హ్యాండిల్ అక్కడే ఆపి అత్త వైపు తిరిగాను.

"పెండ్లయిన కొత్తల మీ మామ నాతోని చేయించిన మొదటి పని గిదే. ఆయన తిప్పేటోడు, నేను వేలు పెట్టేదాన్ని. వేలు జారితే నవ్వేటోడు."

"నవ్వకేం జేస్త? ప్రతిసారి కెవ్వుమనేదానివి" అన్నాడు మామ మంచం మీంచి.

"మరి బర్రెకు నీడ కావాలంటివి గదా అత్తా?"

"బర్రె అడవిల పడ్డది. ఇంక నీడ ఎవరికిరా?"

అత్త బొటనవేలు చెప్పిన చోటే మాగ్నెటో బిగించాను. ఒక్క తిప్పుకు ట్రాక్టర్ డుబుడుబుమంటూ లేచింది. మామ నల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు కాదు, కళ్లు. నేనూ అదే పనిలో ఉన్నాను.

అంతలో మోటారు సైకిల్ మీద ఫారెస్టు బీటు సారు దిగాడు.

"ఎవరు కాల్చిర్రు? మూడు దెబ్బలు విన్న. పందినా, దుప్పినా? తుపాకీ ఏది?"

"తుపాకీ కాదు సార్, ట్రాక్టర్" అన్నాను.

సారు ట్రాక్టర్ వైపు చూశాడు. అది ఉయ్యాలలో పిల్లకు జోల పాడినట్టు నడుస్తోంది.

"ఇదా? ఇంత మంచిగ నడిచే బండి తుపాకీ లెక్క పేలిందా? నా చెవిల పువ్వు పెడ్తున్నవా? తుపాకీ తీస్తవా, బండి సీజ్ చెయ్యాల్నా?"

నా నోరు పడిపోయింది. లారీ నుంచి కాపాడుకున్న ట్రాక్టర్ ఫారెస్టు జీపు వెనక పోయేలా ఉంది. మామ మాత్రం తాపీగా గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడా, ఇంజన్ బందువెట్టి మళ్ల తప్పు బిగియ్. సారు గూడ వింటడు. నీకొచ్చిన పనే గదా."

మాగ్నెటో విప్పి, పొద్దున బిగించిన చోటే మళ్లీ బిగించాను. అంత శ్రద్ధగా, అంత కచ్చితంగా నా జన్మలో ఇంకే తప్పూ చేయలేదు. సారు అనుమానంగా సైలెన్సర్ దగ్గరికి వంగాడు. జరగమని చెప్పేలోపే నా చేతిలో హ్యాండిల్ తిరిగిపోయింది.

ఢాం!

పొగ పోయాక చూస్తే, సారు మొహంలో కనుగుడ్లు, పళ్లు తప్ప తెల్లగా ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే ఇనుము లారీ గేటు దగ్గరికొచ్చింది. డ్రైవరు ఆ మోత విన్నాడు, ఆ మొహం చూశాడు, రివర్సులోనే వెళ్లిపోయాడు. మళ్లీ మా ఊరి వైపు రాలేదు.

సారు అత్త ఇచ్చిన తువ్వాలుతో తుడుచుకుని, "సరే, తుపాకీ కాదు" అన్నాడు. మోటారు సైకిల్ ఎక్కుతూ, "మీ బర్రె మా టేకు ప్లాంటేషన్‌ల మేస్తాంది, తోలుకపోండ్రి" అన్నాడు.

మామ ఇప్పుడు లేడు. ట్రాక్టర్ ఉంది. ఏటా ఏరువాక రోజున దాన్ని లేపుతాను. మామ మంచం మీద అత్త కూర్చుని, "వేలు పెట్టినవా, పుల్ల పెట్టినవా?" అని అడుగుతుంది. ఆ మాట వినడానికే కొన్నిసార్లు చేతిలో పుల్ల పట్టుకుని నిలబడతాను.

కాబట్టి మా అత్త చీపురు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇంజన్ ఊపిరి నా బొటనవేలిని తన్నేదాకా ఈ జన్మలో మాగ్నెటోను బిగించను. ఫారెస్టు సారు వచ్చి గట్టిగా అడిగితే తప్ప.