అద్దం కింద చెక్క

"మీ నాన్న చెయ్యి నీకు రాలేదమ్మాయ్. ఏమీ అనుకోకు."

కొత్త కోటు వేసుకుని అద్దం ముందు నిలబడి టీచరమ్మ అన్న మాట అది. ఆ నెలలో అలా అన్నవాళ్ళలో ఆవిడ నాలుగో మనిషి. దర్జీ కూతురు పెదాల మధ్య ఉన్న గుండుసూదులు తీసింది.

"ఎక్కడ తేడా వచ్చిందండీ? భుజాల దగ్గరా?"

"ఎక్కడని చెప్పను? మీ నాన్న కుట్టింది వేసుకుంటే పదేళ్ళు తగ్గేవి. ఇది వేసుకుంటే మా అత్తగారిలా ఉన్నాను. పోయి కూడా నన్ను వదల్లేదు మహాతల్లి."

నవ్వింది గానీ రెండోసారి అద్దంలోకి చూడలేదు. శనివారం వస్తానని, అప్పటికీ నప్పకపోతే ఇక వేరే కొట్టు చూసుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది.

దర్జీ కూతురు టేపు తీసి కోటంతా కొలిచింది. నాన్న పుస్తకంలో ఉన్న కొలతలకి నూలుపోగంత తేడా లేదు. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. దొరక్కపోవడమే ఆమెని భయపెట్టింది. పనితనం లేని చెయ్యి అయితే కొట్టు మూసేసి, బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టుకోవడమే మిగిలింది. చేరేదీ లేనిదీ నెలాఖరుకల్లా చెప్పమన్నారు ఫ్యాక్టరీవాళ్ళు.

తండ్రి పోయి ఆరు నెలలు. ఆయన పోయాక కొట్టులో ఆమె చేసిన మార్పు ఒక్కటే, గచ్చు మార్చి పలకలు వేయించడం. పాత గచ్చు మీద నిలువుటద్దం ఒరిగి ఉండేది, కింద ఒక చెక్కముక్క. ఒరిగిన అద్దం చూస్తే కొట్టు గురించి జనం ఏమనుకుంటారు? అందుకని మేస్త్రీ చేత రసమట్టం పెట్టించి మరీ అద్దాన్ని నిటారుగా నిలబెట్టించింది. ఆ చెక్క ఏమైందో పట్టించుకోలేదు.

ఆయనవన్నీ చాదస్తాలే అనుకునేది. నడినెత్తిన బల్బు పెట్టనివ్వడు, అద్దానికి రెండు పక్కలా పెట్టాలి. వచ్చినవాళ్ళ సంచి ముందు కొక్కేనికి తగిలించాలి. "సంచి మోస్తే ఒక భుజం దిగుతుందమ్మా. ఆ వంకర మన కుట్టు మీదికొస్తుంది" అనేవాడు. వంగి అంచుకి సూదులు పెడుతూ, కాలి బొటనవేలితో అద్దం కింద టక్కుమని తన్నేవాడు. తిమ్మిరి వదిలించుకుంటున్నాడనుకునేది. ఇప్పుడు తను వంగినప్పుడల్లా ఆ టక్కు వినిపిస్తోంది. తలెత్తితే అద్దంలో, మెడలో టేపుతో ఎవరో అప్పుడే పక్కకి తప్పుకున్నట్టుంటుంది. తిరిగి చూస్తే తెర కదులుతూ ఉంటుంది, అంతే.

శనివారం పొద్దున ఆమె నాలుగేళ్ళ కూతురు బల్ల కింద నుంచి పిలిచింది.

"అమ్మా, నా బొమ్మ జారుడుబండ మీద గీతలున్నాయి. చదివి పెట్టవూ?"

ఆ జారుడుబండ అద్దం కింది చెక్కే. ఒక వైపు సన్నగా, ఒక వైపు లావుగా చెక్కినది. వాలు పొడుగునా పెన్సిలు గీతలు, పక్కన తండ్రి అక్షరాలు: బ్యాంకాయన, డాక్టరమ్మ. లావు వైపుకి దగ్గరగా, టీచరమ్మ.

ఆమె అద్దం ముందరి కాళ్ళని కలిపే కమ్మీ కిందికి చెక్కని ఆ గీతదాకా తోసింది. టక్. అద్దం ఒక వేలెడు వెనక్కి ఒరిగింది. అందులో తన మెడ సాగింది, నడుము సన్నబడింది. ఇన్నేళ్ళూ జనం నాన్న చెయ్యి అన్నదాంట్లో సగం నాన్న కాలి పనేనన్నమాట. ఆమెకి నవ్వొచ్చింది.

చెక్కని బయటికి లాగి పక్కకి తిప్పేసరికి ఆ నవ్వు పోయింది. అక్కడ ఒకే ఒక్క గీత. "ఆమెకి. వెనక."

నాన్న ఎప్పుడూ పేరు పెట్టకుండా 'ఆమె' అనేది అమ్మనే. వెనక కమ్మీ కింద పెడితే అద్దం ముందుకి వాలుతుంది, ఎదురుగా ఉన్న మనిషి లావుగా కనిపిస్తుంది. అమ్మకి జబ్బు ముదిరిన రోజుల్లో నాన్న ఒక గౌను కుట్టాడు. ఎముకల గూడులా ఉన్న అమ్మ అద్దంలో చూసుకుని, "కొంచెం ఒళ్ళు చేశాను కదూ?" అంది. "అద్దం అబద్ధం చెప్తుందా?" అన్నాడు నాన్న. పక్కనే పన్నెండేళ్ళ తనూ అద్దంలోకే చూసింది. అమ్మకి నయమవుతోందని నమ్మింది. ఆ వారమంతా మంచం దగ్గర కూర్చోకుండా ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. అమ్మకి మరో వారం రాలేదు.

ఆమె చెక్కని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేసింది.

పదింటికి టీచరమ్మ వచ్చింది. సంచి కొక్కేనికి తగిలించింది. దర్జీ కూతురు ఒక్క కుట్టు కూడా మార్చని అదే కోటు తొడిగింది. పిల్ల ఎప్పుడు తీసిందో, చెక్క మళ్ళీ అద్దం పక్కనే నేల మీద ఉంది, బొమ్మ దాని మీంచి జారుతూ. ఆమె బొమ్మని తీసి పిల్ల చేతికిచ్చింది. అంచు చూసే మిషతో వంగింది. టక్.

"అదీ! ఇప్పుడొచ్చింది మీ నాన్న చెయ్యి" అంది టీచరమ్మ. అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత ఎందుకో గొంతు తగ్గించింది. "నిజం చెప్పమ్మాయ్, నిజంగానే ఇలా ఉన్నానా?"

దర్జీ కూతురు నిజం చెప్పేద్దామనే నోరు తెరిచింది.

"అద్దం అబద్ధం చెప్తుందా?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. గొంతు మాత్రం తనది కాదు. తలెత్తి చూస్తే అద్దంలో మురిసిపోతున్న టీచరమ్మ, వెనక మెడలో టేపుతో తను. ఆ పక్కన బొమ్మని చంకలో పెట్టుకుని పిల్ల. కళ్ళార్పకుండా అద్దంలోకే చూస్తోంది, నమ్ముతోంది.