దిష్టి తగలని ఇంగ్లీషు

మా నాయన నోట మెప్పు ఒంటరిగా రావడం నేనెప్పుడూ వినలేదు. దాని వెంటే "గానీ" అని ఒకటి తోకలాగా వచ్చేది. పదో తరగతిలో నేను స్కూలు మొత్తానికి ఫస్టు వస్తే, "బాగా రాసినావు పాపా, గానీ లెక్కల్లో ఇంకొంచెం రావాల్సింది" అన్నాడు. చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరిన రోజు, "ఉద్యోగం మంచిదే, గానీ బస్సులో పోయి రావాల" అన్నాడు. ఆ గానీలన్నింటినీ ఒక్కటి కూడా పోగొట్టకుండా మనసులో దాచుకున్నాను. నాకు కోపం ఎక్కువ, మరుపు తక్కువ.

పిల్లలు తగ్గిపోయి ఆ స్కూలు మూతపడ్డాక, ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను. మాది పూతలపట్టుకు దగ్గర్లో ఒక పల్లె. నేనుండే ఇంట్లో సిగ్నల్ రాదు. రెండిళ్ళ అవతల మా నాయన వాళ్ళ వసారాలో మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. అందుకని రోజూ పొద్దున ఆరింటికల్లా ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని అక్కడికి పోయేదాన్ని. నాయన పక్కనే మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ, తనకు ఒక్క ముక్క అర్థంకాని పాఠం అంతా శ్రద్ధగా వినేవాడు.

నా దగ్గర చేరినవాళ్ళలో ఒకాయన పెరూ దేశపు మామిడి రైతు. వయసులో నాకంటే కొంచెం పెద్ద. మాకు తెల్లవారితే ఆయనకు ముందురోజు సాయంత్రం. తోట నుంచి వచ్చి, టోపీ తీసి పక్కన పెట్టి, బడిపిల్లాడిలాగా నిటారుగా కూర్చునేవాడు. మాతృభాష స్పానిష్. మొదటిరోజే స్కూలును "ఎస్కూల్" అన్నాడు. మా ఊరి పెద్దవాళ్ళు "ఇస్కూలు" అంటారు కదా, నాకు సొంత మనిషిని చూసినట్టే అయింది.

ఆయన సరదాకి నేర్చుకోవడం లేదు. అంతవరకూ వాళ్ళ ఊరి కాయను ఒక దళారి బయటి దేశాలకు అమ్మేవాడు. ఈసారి రైతులంతా ఒక్కటై తామే మాట్లాడుకుందామని తీర్మానించుకున్నారు. ఒక చలిదేశం నుంచి పండ్లు కొనే కంపెనీ మనిషి వీడియోలో మాట్లాడతానన్నాడు. ఊరంతటికీ నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చింది ఈయనకే. బేరం కుదరకపోతే ఆ ఏడు కాయంతా మళ్ళీ జ్యూసు ఫ్యాక్టరీకే. అది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో రెండు రోజులు పడిగాపులు పడి మా నాయన అప్పుడే ఇంటికొచ్చి ఉన్నాడు.

మాటలు తొందరగానే పట్టుబడ్డాయి. ఇంగ్లీషులో సగం మాటలకు స్పానిష్‌లో చుట్టాలున్నాయి. చిక్కంతా ఒక మాటకు ఎదురుమాట చెప్పే దగ్గర వచ్చింది. "బట్" ఒక్కటే ఆయనకు తెలుసు, వాళ్ళ భాషలో అది "పెరో". "హవెవర్" అంటే "సిన్ ఎంబార్గో" అని నేను కూడా నేర్చుకుని మరీ చెప్పాను. "ఆల్దో", "ఇన్ స్పైట్ ఆఫ్" ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడేవాడు. పుస్తకంలోని ఉదాహరణ ఇచ్చాను: వాన పడుతున్నప్పటికీ మేము పార్కుకు వెళ్ళాము. ఆయన చాలాసేపు ఆలోచించి, "వానలో పార్కుకు ఎందుకు వెళ్ళారు టీచర్?" అని అడిగాడు. అదే వాక్యాన్ని ఇరవయ్యేళ్ళు పిల్లలకు చెప్పాను, ఒక్కరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమంటాండాడు ఆయప్ప?" అన్నాడు నాయన మంచం మీంచి. "అది గాదులే, వాళ్ల తోటలో పూత ఎట్లుండాదో అడుగు."

అడిగాను. మాకు కోతలైతే వాళ్ళకు పూత. పూత బాగుందని ఆయన అంటే, నాయన వెంటనే, "పూత బాగుంటే సాలదప్పా, తేనెమంచు పురుగు వచ్చి పూతంతా రాలిపోతాది" అన్నాడు. నేను మధ్యలో కూర్చుని అటూ ఇటూ తర్జుమా చేస్తూ పోయాను. మరుసటిరోజు నుంచి పుస్తకం మూలన పడింది. పూత బాగానే వచ్చింది, అయితే పురుగు ఉంది. కాయ నిలిచింది, అయినా గాలిని నమ్మలేము. అన్నీ నాయన మాటలే, అన్నీ ఆయన నోటికి ఇట్టే వచ్చేశాయి. దసరా నాటికి ఎంత ధారాళంగా చెప్పేవాడంటే, నా పద్ధతికి నేనే మురిసిపోయాను.

కార్తీకమాసంలో కంపెనీ వాడితో మొదటి మాటలు జరిగాయి. ఆ వీడియో నాకు పంపించాడు. ఈ ఏడు కాయ ఎలా ఉందని కంపెనీ వాడు అడిగాడు. "చాలా బాగుంది. అయితే పురుగు ఉంది" అన్నాడు మా రైతు. సైజు? "మంచి సైజు, కానీ గాలిని నమ్మలేము." చెప్పిన రోజుకు పంపగలరా? "పంపగలం, అయినా ఏ రోజు ఏమవుతుందో ఎవరికి తెలుసు!" ఒక్క తప్పు లేదు. కంపెనీ వాడి ముఖం మాత్రం ప్రతి జవాబుకూ ఇంత చిన్నదైపోయింది. ఆలోచించుకుంటాను, వారం తర్వాత ఇంకొక్కసారి మాట్లాడదాం అని ముగించాడు.

"మీ తోటలో నిజంగా పురుగు ఉందా?" అని అడిగాను.

"లేదు టీచర్. మీరు నేర్పిన వాక్యం అందంగా ఉందని చెప్పాను."

నేను చేసిన పని అప్పుడు తెలిసింది. మా వైపు ఎవరూ పంట బాగుందని చెప్పి ఊరుకోరు. దారిన పోయేవాడు అడిగినా ఏదో ఒక వంక పెట్టి చెబుతారు, లేకపోతే దిష్టి తగులుతుందని భయం. ఆ భయాన్ని కూడా ఇంగ్లీషుతో కలిపి ఆయనకు నేర్పేశాను. ఇంగ్లీషువాళ్ళు ఇలాగే మాట్లాడతారు కాబోలని పాపం ఆయన నమ్మాడు. ఊరి కాయంతా ఆయన మాట మీద ఆధారపడి ఉంటే, ఆ మాటను నేనే చెడగొట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు అలవాటు ప్రకారం కోపమై నాయన మీద పడింది.

"నీ గానీలతో ఒక ఊరి నోటికాడ కూడు తీసేసినాను నాయనా! ఒక్కసారైనా బాగుందని సెప్పి నోరు మూసుకోలేవా?"

ఆయన నొచ్చుకోలేదు. "ఎట్ల సెప్తాం పాపా?" అన్నాడు. "పక్కోడిది బాగుంటే బాగుందని సెప్పొచ్చు. మనదాన్ని అట్ల సెప్తే కన్ను పడతాది. ఏదో ఒక లోపం పెట్టి కాపాడుకోవాల."

కోపంలో ఉన్నాను కాబట్టి అది సగమే చెవిన పడింది.

ఆ వారమంతా రోజూ రెండు గంటలు కూర్చున్నాం. లేని పురుగును తీసేశాం. ఉన్న కష్టాన్ని దాచొద్దన్నాను, ముందే చెప్పేసి మంచిని చివర్న నిలబెట్టమన్నాను. ఏం చెబుతున్నావని నాయన అడిగితే ఆయనకూ అదే తెలుగులో చెప్పాను. ఈ ఏడు నీళ్ళు తక్కువైనా కాయ తియ్యగా ఉంది. మాది చిన్న ఊరే అయినా మాట తప్పిన రోజు లేదు. వాక్యం మంచితో ఆగిపోతే ఆయనకు గుబులుగా ఉండేది. ఒకరోజు చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు చూపించాడు. ఎర్రదారానికి మన గురివింద గింజల్లాంటి ఎరుపూ నలుపూ గింజలు గుచ్చి ఉన్నాయి. కన్ను తగలకుండా వాళ్ళమ్మ కట్టిందట.

"సూడు, వాళ్లకీ దిష్టి ఉండాది" అన్నాడు నాయన గెలిచినట్టు.

"అయితే దారం ఉంది కదా, ఇక గానీ ఎందుకు?" అన్నాను ఇద్దరికీ కలిపి.

రెండోసారి మాటలు జరిగిన మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే తెర నిండా టోపీలే. వాళ్ళ ఊరి రైతులంతా ఆయన వెనకాల ఒకరినొకరు తోసుకుంటూ నిలబడి ఉన్నారు. కంపెనీ వాడు ఒప్పుకున్నాడట, మొదటి లోడు నెలలోపు పంపాలట. వాళ్ళంతా ఒక్కసారిగా "టీచర్" అని కేకపెట్టేసరికి నాకు ఏడుపు ఆగలేదు. స్కూలు మూసేసిన రోజు నుంచీ నేనిక టీచర్ని కాదేమో అనుకుంటూ ఉన్నాను. నన్ను మళ్ళీ టీచర్ని చేసింది వాళ్ళే.

అప్పుడు ఆ రైతు, "మీ నాన్నగారిని అడగండి. మా టీచర్ ఎలాంటి టీచర్?" అన్నాడు.

అడగక తప్పింది కాదు. రాబోయే గానీ కోసం ముందే పళ్ళు బిగబట్టుకున్నాను. నాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. వారమంతా పాఠం విన్న మనిషి.

"మా పాపకు కోపం జాస్తి. చిన్నదానికే ఇంతెత్తున లేస్తాది. అయినా దాని మాదిరి సదువు సెప్పేవాళ్లు ఈ సుట్టుపక్కల యాడా లేరు" అన్నాడు.

నేను ఎదురుచూశాను. ఇంకేమీ రాలేదు.

పదో తరగతి లెక్కలూ, చిత్తూరు బస్సూ, నేను దాచుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మనదాన్ని లోపం పెట్టి కాపాడుకోవాలని ఆయన అన్నది మామిడి ఒక్కదాని గురించే కాదు. ఇన్నేళ్ళు నన్ను తక్కువ చేస్తున్నాడనుకున్నాను. ఎక్కడో సముద్రాల అవతలి మనిషి ఇంగ్లీషు నేర్చుకోవాలనుకోబట్టి మా నాయన తెలుగు నాకు తెలిసింది. ఆ రైతుకు నేను ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా, ఎందుకో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్జుమా చెయ్యడానికి తెర వైపు తిరిగాను. అంతలో నాయన ముఖంలో కంగారు కనపడింది. తను ఏమన్నాడో అప్పుడే తెలిసొచ్చినట్టు ఇంట్లో ఉన్న అమ్మకు వినపడేలా గట్టిగా కేకేశాడు.

"మ్మే! ఉప్పూ ఎండు మెరపకాయలూ ఎత్తుకోని రా. బిరీన పాపకు దిష్టి తియ్యి!"

యాభైకి దగ్గరపడిన నేను పెరూ రైతులంతా చూస్తుండగా తూర్పుకు తిరిగి కూర్చున్నాను. అమ్మ గుప్పిట నా చుట్టూ మూడుసార్లు తిరిగింది. పొయ్యిలో ఉప్పు చిటపటలాడింది.

అదేమిటని అడిగాడు మా రైతు.

"వాక్యంలో గానీ పెట్టకపోతే మా ఇంట్లో ఇలా చేస్తారు" అని చెప్పాను.