రోడ్డు మీద కానుగ కొమ్మ

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించే రకం నేను. వరంగల్ చుట్టుపక్కల శ్మశానాల పక్కన కూడా కరెంటు స్తంభాలెక్కి, దిగాక అక్కడే డబ్బా విప్పుకుని అన్నం తిన్నవాణ్ణి. అయినా ఇది మాత్రం చెప్పాలి.

నాకు లైన్‌మన్ పని నేర్పింది సమ్మయ్యన్న. రోడ్డు పక్క పనంటే ఆయన ముందు కానుగ కొమ్మ కోసేవాడు. స్తంభం నుంచి నలభై అంగలు లెక్కపెట్టి నడిచి, ఆకులు వచ్చే బండ్ల వైపు ఉండేలా పరిచి, కదలకుండా రాయి పెట్టేవాడు. మేమంతా తీగకే భయపడేవాళ్లం. వెనక పోయే బండ్లను పట్టించుకునేవాళ్లం కాదు. ఆయన్ను చూసి నవ్వేవాళ్లం.

“కరెంటు ఆపినమని సబ్‌స్టేషనోళ్లు మాటిస్తరు. రోడ్డుకు ఎవడిస్తడురా?” అనేవాడు.

పనయ్యాక కొమ్మ తీసేదీ ఆయనే, బైకులవాళ్లు జారిపడతారని. ఒకరోజు అలా తీయడానికి వంగినప్పుడే వెనక నుంచి వ్యాన్ కొట్టింది. దవాఖానకు చేరేలోపే పోయాడు. అప్పుడు నేను స్తంభం దగ్గర తాడు చుట్టుకుంటున్నాను.

ఏడాది తర్వాత ములుగు రోడ్డులో ఒక మలుపు దగ్గర తీగ తెగింది. మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదని ఊరంతా ఫోన్లు. ఆ తొందరలో కొమ్మ సంగతే మరిచి, రోడ్డు అంచున నిచ్చెన వేసి ఎక్కాను. నాతో పనిచేసే ఐలయ్య కింద పట్టుకున్నాడు.

ఒక్కసారిగా బ్రేకుల చప్పుడు. వడ్ల బస్తాల లారీ మా నిచ్చెనకు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవర్ దిగాడు.

“ముందుగాల కొమ్మ కనబడ్డది కాబట్టి స్పీడు తగ్గించిన అన్నా. లేకుంటే ఈ మలుపుల మీరు కనబడనే కనబడరు.”

ఐలయ్య తలెత్తి నన్ను చూశాడు. “నువ్వే ఏసినవనుకున్న బావా.”

దిగి వెళ్లి చూశాను. కానుగ కొమ్మే. ఆకులు వచ్చే బండ్ల వైపు, మీద రాయి. కోసిన చోట ఇంకా పచ్చిగా ఉంది. అంగలు లెక్కపెట్టాను. నలభై. చుట్టూ వరి పొలాలు, కనుచూపు మేరలో కానుగ చెట్టు లేదు. పొలంలో ఉన్నవాళ్లను అడిగితే ఎవరినీ చూడలేదన్నారు.

అరగంటలో పని ముగించి తీద్దామని వెళ్తే కొమ్మ లేదు. రాయి రోడ్డు పక్కకు జరిపి ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను, భయమేసి కాదు.

అదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఇప్పుడు మాలో ఒకరు కొమ్మ తీయడానికి వంగితే, ఇంకొకరు ఎర్ర తువ్వాల పట్టుకుని బండ్లకు ఎదురుగా నిలబడతారు. సమ్మయ్యన్న వంగిన రోజు అలా నిలబడాల్సింది నేనే.