అరచేతిలో వానపాము

ఏరువాక పున్నమి మరుసటి మంగళవారం, ఉదయం ఏడుంబావు. ముదిగుబ్బ దగ్గర మా చేనిగట్టు మీద కూర్చుని, పరిశోధనకు వచ్చిన, మేము పొగనీళ్ళ మేడమ్ అని పిలిచే ఆమె వానపామును అరచేతిలో పెట్టుకుని కదులుతుందా అని చూస్తోంది.

గడ్డి కాల్చిన పొగను నీళ్ళలోకి పట్టి, అందులో శెనక్కాయ విత్తనం నానబెడితే తొందరగా మొలుస్తుంది. నేను కళ్ళారా చూశాను. కానీ ఆ నీళ్ళు మట్టిని చెరపవని తేలేదాకా ఆమె ఎవరికీ ఇవ్వదు. ఎప్పుడడిగినా, "ఇంకొంచెం చూద్దాం పెద్దాయనా."

"నేలలో వాన పదును రేపటికి ఆరిపోతాదమ్మా! వానపాముల కోసం నా చేను బీడు పెట్టాల్నా?" అన్నాను.

"పెండ్లిచూపులు చూసినట్టు చూస్తాండాదన్నా ఆయమ్మ," అన్నాడు గొర్రెల ఓబులేసు.

ఆమె నవ్వలేదు. చిక్కటి పొగనీళ్ళు పోసిన మట్టికుండలో పది వానపాముల్లో మూడు కదల్లేదు. దాచి ఉంటే మాకు తెలిసేదే కాదు. తనే చూపించి, "మూడు చచ్చాయి" అని రిజిస్టరులో రాసి, నాచేత చదివించి, కింద సంతకం చేయమంది. అరవయ్యేళ్ళకు అక్షరాలు నేర్చాను. అప్పటిదాకా అందరూ నా ముందుకు వేలిముద్ర ఇంకు డబ్బానే జరిపారు.

ఆ మధ్యాహ్నం ఉత్త విత్తనమే వేశాను. సగం మొలవలేదు.

ఆ ఉదయం అక్కడున్నది మేడమ్, ఓబులేసు, విత్తనాల గంప దించిన నా భార్య నాగమ్మ, సంతకం పెట్టిన గంగన్న అనే నేను.