కంట్రోల్ మడికీ నెయ్యి

రిటైర్‌మెంటుకు మూడేళ్లున్నాయనగా, ఒక పురటాసిలో, అంటే వరినాట్లకు ముందు వచ్చే తమిళ నెలలో, నన్ను తమిళనాడులోని రాజపాళయం బ్లాకుకు అసిస్టెంట్ అగ్రికల్చర్ ఆఫీసరుగా వేశారు. పేరు పొడుగే గాని పని ఎండలో తిరగడం. మొదట అప్పగించింది చోళపురంలో అజోస్పిరిల్లం ప్రదర్శన మడి.

అజోస్పిరిల్లం కంటికి కనబడని సూక్ష్మజీవి. వేరును పట్టుకుని గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తుంది, యూరియా కొంత తగ్గించుకోవచ్చు. మాకది నల్లపొడిలో కలిపి ప్యాకెట్లలో వచ్చేది. నీళ్లలో కలిపి, నాటేముందు వరినారు వేళ్లను అందులో ముంచాలి. తర్వాత పశువుల ఎరువుతో కలిపి మడిలో చల్లాలి. చోళపురం రైతులు బొగ్గుపొడి అని నవ్వారు. నాకు రోషం వచ్చింది. కోతకు ముందు తేడా మీ కళ్లతో చూడండి, లేకుంటే ఈ ఊళ్లో దీని పేరెత్తను అని అందరి ముందూ అనేశాను. నోరా, వీపుకు దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

పొలం ఇచ్చింది సంజీవి రాజా, నాకు వరసకు మామ. ఎకరానికి నడుమ గట్టు వేసి రెండు మళ్లు చేశాం. రెంటికీ ఒకే విత్తనం, ఒకే నీళ్లు. పొడి మాత్రం ఒకదానికే. పొడి వేయనిదాన్ని కంట్రోల్ మడి అంటాం. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఇది మామకు మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ తలూపాడు. నాట్లు పడ్డ వారానికి ఆయన మా శాఖ డిపోలో ఇంకొన్ని ప్యాకెట్లు సొంతంగా కొన్నాడని తెలిసింది. ఎందుకని అడగలేదు. రైతులో ఉత్సాహం పెరిగిందని రిపోర్టులో రాసుకున్నాను.

రైతులకు మడి చూపించే ఫీల్డ్ డే నాడు మా ఏడీఏ, అంటే బ్లాకుకు పెద్దయిన అసిస్టెంట్ డైరెక్టర్, జీపు దిగారు. రైతులంతా గట్టెక్కారు. రెండు మళ్లూ ఒకే పచ్చగా, ఒకే ఎత్తులో ఉన్నాయి. పొడి లేకున్నా ఇంతే గదా అని వెనకనుంచి ఎవరో అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడీఏ నన్ను చూశారు, నేను మామను చూశాను. ఎప్పుడూ నన్ను "ఏమప్పా" అని పిలిచే మామ ఆ రోజు సార్ అన్నాడు.

"రెండూ నా నేలే గదా సార్. ఒకే పంక్తిలో కూచోబెట్టి, ఒకరికి నెయ్యి పోసి పక్కవానికి ఒట్టి అన్నం పెట్టేదెట్లా? మనసు ఒప్పలేదు. దానికీ వేసినాను."

మావాళ్ల పెళ్లి భోజనాల్లో పంక్తిభేదం చేసినవాణ్ని మూడు తరాలు చెప్పుకుంటారు. ఆ రూలు మడికి కూడా వర్తిస్తుందని నాకు తట్టలేదు.

ఏడీఏ నవ్వలేదు. మామ పొలం గట్టు అవతల పాలిపోయిన పైరును చూపించి అదెవరిదని అడిగారు. అది మామ దాయాదిది. ఇద్దరికీ ఏళ్లుగా మాటల్లేవు. అయినా పోటీకి అదే విత్తనం తెచ్చి, అదే రోజు, అదే కాలువ నీళ్లతో నాటాడు. రైతులు అటు చూశారు, మళ్లీ ఇటు చూశారు. పుస్తకం ప్రకారం అది కంట్రోల్ కాదు, కాని చోళపురానికి చాలింది. మరి ఆ మడికి వేయాలనిపించలేదా అని ఏడీఏ అడిగారు.

"అది వేరే పంక్తి సార్," అన్నాడు మామ.

మర్నాడు డిపో తెరిచేసరికి ముందు నిలబడి ఉన్నది ఆ దాయాదే. మిగిలిన సర్వీసులో నేను కంట్రోల్ మడిని ఏ రైతు చేతికీ ఇవ్వలేదు. పక్క పొలంలో పడని దాయాది ఉన్నాడా అని ముందు విచారించేవాణ్ని.